చుట్టాలు బయటికి వెళ్ళవలెను

కొట్టారంచిరలో నోరున్నవాడిదే ఊరు. సామెత కోసం అంటున్న మాట కాదు, అక్కడి బోట్ క్లబ్ నడిచే పద్ధతే అది.

ఏ విషయం తేలాలన్నా మీటింగులో చేతులెత్తరు, చీట్లు వెయ్యరు. అధ్యక్షుడు "తూర్పు గట్టు!" అంటాడు. కాలవకి తూర్పున ఉండేవాళ్ళంతా గుండెల నిండా గాలి పీల్చి "ఆర్ప్పో... ఈర్రో ఈర్రో!" అని అరుస్తారు. తర్వాత "పడమటి గట్టు!" అంటాడు. వాళ్ళూ అరుస్తారు. ఎవరి అరుపుకి పడవ షెడ్డు రేకులు ఎక్కువ అదిరితే వాళ్ళ మాట నెగ్గినట్టు. పందెంలో నూరుమంది తెడ్లేసే పాము పడవ తొయ్యడానికి ఊపిరి కావాలి కాబట్టి క్లబ్బు నడపడానికీ అదే చాలనుకున్నారు పాతకాలం పెద్దలు.

పడమటి గట్టు అరుపుకి నాయకుడు సిబి. టూరిస్టుల హౌస్‌బోటు నడుపుతాడు. వాడు గొంతెత్తితే తన బాతులు గుడ్లు పెట్టడం మానేస్తున్నాయని క్లబ్ అధ్యక్షుడు కురియచ్చన్ ఎప్పుడూ గోల పెడతాడు. ఆయనకి తూర్పు గట్టున పొలాల నిండా బాతులే.

ఆ జూన్ ఆదివారం రేకుల మీద వాన దంచుతోంది. సిబి ఊపిరి పీల్చి, నోరు తెరిచి, ఇక అరవబోతున్నాడు.

"ఆగండి!" అంది ఒక ఆడగొంతు. "ఈ అరుపు చెల్లదు."

పీల్చిన గాలి అటూ పోక ఇటూ రాక సిబికి పొలమారింది. దగ్గుతూ చూశాడు. తడిసిన గొడుగు చేత్తో పట్టుకుని బల్లెక్కి నిలబడి ఉంది ట్రీసా. కురియచ్చన్ ఒక్కగానొక్క కూతురు. ఆలప్పుళలో ప్లీడరుగారి ఆఫీసులో పని చేస్తుంది. మినిట్స్ రాసే పని ఎవరికీ అక్కర్లేక, పోయిన నెల క్లబ్ సెక్రటరీగిరీ ఆమెకి అంటగట్టారు.

"చెల్లకపోవడమేంటి? మా తాత అరిచాడు, మా అప్పచ్చన్ అరిచాడు" అన్నాడు సిబి. అక్కడ నాన్నని అప్పచ్చన్ అంటారు.

"తెలుస్తూనే ఉంది. ఇంటిల్లిపాదికీ గొంతు బొంగురే."

తూర్పు గట్టు ఘొల్లుమంది. సిబి చెవులు ఎర్రబడ్డాయి.

"నవ్వకండి, మీక్కూడా చెప్తున్నా" అని ఆమె వాళ్ళ వైపు తిరిగింది. "కిందటేడు పందెంలో మన పడవకి కెప్టెన్లు ఎంతమంది?"

ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకున్నారు.

కిందటేడు కెప్టెన్ని ఎన్నుకున్న రోజున రెండు గట్ల అరుపులూ సమానంగా పడ్డాయి. ఎవరికి వాళ్ళు తామే నెగ్గామనుకుని ఇంటికి పోయారు. పందెం రోజున ఇద్దరు కెప్టెన్లు జరీ కండువాలు వేసుకుని ఒకే పడవెక్కారు. ఇద్దరు పాటగాళ్ళు, రెండు పాటలు. ముందున్నవాళ్ళు ఒక పాటకి తెడ్డు వేస్తే వెనకున్నవాళ్ళు ఇంకో పాటకి వేశారు. పడవ పీతలా అడ్డంగా నడిచి, గుర్రపుడెక్కలో దూరి, అక్కడ చేపల కోసం కూచున్న కొంగల్ని లేపింది. "రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాణ్ణి చూశాం గానీ ఒకే పడవలోకి రెండు ఊళ్ళు ఎక్కించినవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాం" అని మైకులో అన్నాడు వ్యాఖ్యాత. ఆ ముక్క టీవీలో వచ్చింది.

"అందుకే పందెం కమిటీ చెప్పేసింది" అంది ట్రీసా. "క్లబ్బుకి రాతలో నియమాలు ఉండాలి. అందరూ ఒప్పుకుని ఉండాలి. అవి లేకపోతే ఈ ఏడు మన పడవని నీళ్ళలోకి రానివ్వరు."

"రాయాలంటే రాద్దాం, దానికేం" అన్నాడు కురియచ్చన్ మీసం తుడుచుకుంటూ. "ఎవరు రాస్తారు?"

మళ్ళీ అందరూ కాళ్ళు చూసుకున్నారు. చివరికి తేలిందేమిటంటే, ట్రీసా రాస్తుంది. అంతా తూర్పు గట్టు వాళ్ళదే కాకుండా, ఎక్కువ అరిచినందుకు శిక్షగా సిబి పక్కన కూచుంటాడు. వాళ్ళిద్దరూ కొట్టుకోకుండా మధ్యలో తంకప్పన్ ఆశాన్ ఉంటాడు. ఊళ్ళో సగం మందికి తెడ్డు పట్టడం నేర్పిన గురువు ఆయన. అందుకే చిన్నా పెద్దా అందరికీ ఆశానే.

* * *

ఆదివారం చర్చి అయ్యాక పడవ షెడ్డులో కూచునేవాళ్ళు. ఒక పక్క నల్లగా నిగనిగలాడుతూ చుండన్ అనే ఆ పాము పడవ, దాని తోక నీడలో ముగ్గురూ. ఆశాన్ తాళ్ళ చుట్ట మీద చేరగిలబడి తాంబూలం నములుతూ కునుకు తీసేవాడు. సిబి పొట్లంలో వేడి వేడి పళంపొరి తెచ్చేవాడు. అరటిపండు బజ్జీ నోట్లో ఉంటే మనిషి తొందరగా ఒప్పుకుంటాడని వాడి లెక్క. ట్రీసా మాత్రం పళంపొరి తింటూనే కాదనేది.

"ఇకనుంచి ఓటు చీటీ మీద. రహస్యంగా."

"మరి అరుపు?"

"గెలిచినప్పుడు అరవండి. ఎంతైనా అరవండి."

"గెలవకపోతే ఏడాదంతా మూగనోమా?"

"అందుకే గెలవమంటున్నా."

నవ్వినప్పుడు ఆమె ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుంది. సిబి దాన్ని చూడకూడదనుకుని, షెడ్డు రేకులకున్న చిల్లులన్నీ చూసి, మళ్ళీ దాన్నే చూసేవాడు.

గొడవ వచ్చింది అమరం దగ్గర. పడవ వెనక, తోకలా పైకి లేచిన కొస మీద అయిదుగురు నిలబడి పొడుగాటి తెడ్లతో పడవని తిప్పుతారు. అందరికన్నా చివర నిలబడేవాడిది పెద్ద తెడ్డు. పడవ ఎటు పోవాలో వాడి చేతిలో ఉంటుంది.

"అమరం మీద నిలబడేవారిని ఏటా పరీక్ష పెట్టి ఎంచవలెను" అని చదివింది ట్రీసా.

సిబి చేతిలో పళంపొరి నోటి దాకా వచ్చి ఆగిపోయింది. "పెద్ద తెడ్డు మా ఇంటిది."

"ఏ కొట్లో కొన్నారేంటి?"

"ఎకసెక్కాలొద్దు. మా తాతది. ఆయన తర్వాత మా అప్పచ్చన్‌ది. అప్పచ్చన్‌కి భుజం పోయాక నాది."

"మీ తర్వాత?"

"నా కొడుకుది."

"వాడికి నీళ్ళంటే భయమైతే?"

"నా కొడుక్కి నీళ్ళంటే భయమా!"

"వాళ్ళమ్మ పోలిక రావచ్చు కదా."

"వాళ్ళమ్మెవరో నాకే ఇంకా తెలీదు!"

ఆ మాటన్నాక ఇద్దరికీ ఎటు చూడాలో తెలియలేదు. ఆమె కలం వైపు చూసింది. వాడు వాన వైపు చూశాడు. ఆశాన్ ఒక కన్ను తెరిచి, "రాసుకోండి మక్కళే, రాసుకోండి పిల్లలూ" అని మళ్ళీ మూశాడు.

సిబి మనసు మళ్ళీ తెడ్డు మీదికే పోయింది. ఏడాదంతా వాడు టూరిస్టుల్ని ఎక్కించుకుని నత్తనడకన కాలవల్లో తిప్పుతాడు. ఆగస్టులో ఆ ఒక్క రోజు, ఆ తోక కొసన నిలబడి కాలి బొటనవేళ్ళతో చెక్కని పట్టుకుని, నూరుమంది బలం తన చేతిలో ఉంటే, గట్టు మీద అప్పచ్చన్ కళ్ళార్పకుండా చూస్తుంటే, వాడు బతికినట్టుండేది. ఆ సీటు పోతే అప్పచ్చన్ మొహం ఎలా చూడాలి?

కోపం ముక్కు మీదికొచ్చింది. "సరే, నాదీ ఒకటి రాయండి. ఎంచేవాళ్ళెవరు? అధ్యక్షుడు, సెక్రటరీ, ఆశాన్. అంటే మీ అప్పచ్చన్, మీరు, ఈ ముసలాయన. మీ గట్టు నిండా మీ చుట్టాలే కదా. చుట్టం పోటీలో ఉంటే ఎంచేవాళ్ళు లేచి ఆ సంగతి అందరికీ చెప్పి బయటికి పోవాలి. రాయండి!"

కొడితే దెబ్బ తగలాలనే అన్నాడు. ట్రీసా కళ్ళు మెరిశాయి.

"అబ్బ, ఇది మంచి రూలే. మీ నోటెంట వచ్చిందంటే నమ్మబుద్ధి కావట్లేదు" అంటూ రాసింది. రాసి, కలం చివర కొరికి, ఇంకో మాట చేర్చింది. "కాబోయే చుట్టాలు కూడా."

"కాబోయేవాళ్ళెందుకు మధ్యలో?"

"పెళ్ళి పందెం మర్నాడు పెట్టుకుని, ఈలోగా అల్లుడికి సీటిచ్చుకుంటే?"

"అమ్మో, ప్లీడరు బుర్ర!" అన్నాడు సిబి. ఎందుకో కోపం సగం తగ్గింది.

"తండ్రీ కూతుళ్ళు ఒకే కమిటీలో ఉండొచ్చా మరి?" అన్నాడు మళ్ళీ.

ఈసారి ఆశాన్ కళ్ళు తెరవకుండానే చెప్పాడు. "ఆ ఇంట్లో చేపల కూరలో ఉప్పు గురించే ఇద్దరికీ ఇంతవరకూ కుదర్లేదు. భయపడకు."

* * *

నియమాల మీద చివరి ఆదివారం పని ముగిసేసరికి సర్వీసు బోటు వెళ్ళిపోయింది. వాన జోరందుకుంది. సిబి తన చిన్న పడవ విప్పాడు.

"ఎక్కండి, దించుతా. రూలేమైనా అడ్డమొస్తుందా?"

"చూసి చెప్తా" అని ఎక్కింది.

వాడు తెడ్డేస్తుంటే ఆమె ఎదురుగా కూచుని ఇద్దరి మీదా గొడుగు పట్టింది. అది ఇద్దరికీ చాలే గొడుగు కాదు. ఆమె కుడి భుజం, వాడి ఎడమ భుజం తడిశాయి. వాన కాలవంతా చిన్న చిన్న గుంటలు తవ్వుతోంది.

"మీ వైపు పట్టుకోండి" అన్నాడు.

"మీరు తడిస్తే అరుపు పోతుందేమో."

"అరుపు మీరు తీసేశారుగా."

"గెలిచిన రోజు కావాలి కదా మరి!"

ఆమె గొంతులో ఎకసెక్కం లేదు. సిబి తెడ్డు ఆపేశాడు. పడవ తనంతట తనే కొంచెం తిరిగింది. "ట్రీసా..." అన్నాడు. అంతకు ముందెప్పుడూ వాడు ఆమెని పేరు పెట్టి పిలవలేదు.

"ఊఁ?"

చెప్పాల్సింది నాలిక చివర దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే రేవు మెట్ల మీంచి చేపలమ్మే త్రేస్యా చేచ్చి, ఊరందరికీ అక్కలాంటిది, బుట్ట నెత్తిన పెట్టుకుని గొంతు చించుకుంది.

"ట్రీసా మోళే! ఎక్కడున్నావే తల్లీ! లాలిచ్చన్ వాళ్ళ అమ్మచ్చి మీ ఇంట్లో వచ్చి కూచుంది. పిల్లవాడి ఫోటో కూడా తెచ్చింది. వాణ్ణి రోజూ చూసే మనకి ఫోటో దేనికో!"

లాలిచ్చన్ తూర్పు గట్టువాడు. కురియచ్చన్‌కి కుడిభుజం. అమరం మీద వాడిదీ మంచి చెయ్యే. పెద్ద తెడ్డు పరీక్షకి పేరిస్తానన్న ఇంకొకడు వాడే.

"అదా సంగతి" అన్నాడు సిబి. "పరీక్ష ఎందుకొచ్చిందో ఇప్పుడర్థమైంది."

"ఏమర్థమైంది?"

"కాబోయే అల్లుడికి సీటు కావాలి. సంబంధం ఇంకా ఖాయం కాలేదంటూ మీ అప్పచ్చన్ లోపలుండి ఓటేస్తాడు, మీరు రూలు రాశారు."

ట్రీసా గొడుగు టప్పున మూసింది. వాన ఇద్దరి నెత్తినా సమంగా పడింది.

"నేను రూల్స్ రాసింది ఇంకోసారి మన పడవ కొంగల మధ్యకి పోకూడదని. ఆ టీవీ ముక్క మా ఆఫీసులో అందరూ నా ముందే పెట్టుకుని చూశారు. ఎంత సిగ్గేసిందో తెలుసా? మీరు మాత్రం నేను మీ తాత తెడ్డు ఎత్తుకుపోవడానికి వచ్చాననుకున్నారు." పడవ రేవుకి తగలగానే లేచి మెట్టు మీద కాలు పెట్టింది. "పరీక్ష రోజు నాకు రెండు కళ్ళుంటాయి. ఎవరు బాగా తిప్పితే వాళ్ళకే నా ఓటు. మీరైనా, లాలిచ్చనైనా, మా బాతైనా!"

గొడుగు చేతిలో ఉండి కూడా తడుస్తూ మెట్లెక్కి వెళ్ళిపోయింది. త్రేస్యా చేచ్చి బుట్ట దించి సిబిని ఎగాదిగా చూసింది.

"ఏమన్నావురా పిల్లని?"

"ఏం అన్లేదు చేచ్చీ."

"అదే నీ తప్పు" అని ఆమె బుట్ట మళ్ళీ నెత్తికెత్తుకుంది.

* * *

నియమాలు మీటింగులో నెగ్గాయి. ఇకమీదట అరుపుతో ఏదీ తేల్చకూడదన్న నియమాన్ని అందరూ కలిసి అరిచి ఒప్పుకున్నారు. సిబి అరవలేదు. ట్రీసా అటు చూడలేదు.

పరీక్ష చర్చి మలుపు దగ్గర. అక్కడ పెద్ద కాలవలోకి చిన్న కాలవ అడ్డంగా వచ్చి కలుస్తుంది. వానాకాలంలో ఆ నీళ్ళు పడవ ముక్కుని పట్టుకుని పక్కకి లాగేస్తాయి. రెండు గట్ల వాళ్ళూ కలిసి తెడ్లు పట్టారు. ఒకే పాట, ఒకే దెబ్బ. కిందటేడు కొంగల్ని లేపిన పడవ ఇదేనా అనిపించింది.

ముందు లాలిచ్చన్ తిప్పాడు. శుభ్రంగా, గీత గీసినట్టు. ఎంచే ముగ్గురూ రేవులో బల్ల మీద కూచుని చూశారు. గట్టు మీద సిబి తండ్రి ఔసేప్ జారిన భుజాన్ని రెండో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

తర్వాత సిబి. అమరం కొసకెక్కి తెడ్డు దించగానే ఒళ్ళూ తెడ్డూ ఒక్కటయ్యాయి. పడవ వాడి మాట వింది. పాట జోరందుకుంది, నీళ్ళు రెండు పక్కలా లేచాయి. మలుపు దాకా లాలిచ్చన్ కంటే బాగా తెచ్చాడని తూర్పు గట్టు వాళ్ళే ఒప్పుకున్నారు. మలుపులో ముక్కు తిప్పాల్సిన క్షణాన వాడి కన్ను రేవు మీదికి పోయింది. పసుప్పచ్చ చీరలో ట్రీసా లేచి నిలబడి ఉంది. రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, తనే మునిగిపోతున్నట్టు, వాడినే చూస్తోంది.

ఆ చూపు ఎవరికి ఓటేసే చూపో తెలుసుకోవాలనిపించింది వాడికి. తెలుసుకునేలోగా పడవ ముక్కు జారింది.

పట్టుకున్నాడు. గట్టుకి తగలకుండా మళ్ళీ దారిలోకి తెచ్చాడు. కానీ జారడం మాత్రం జారింది. ఊరంతా చూసింది.

* * *

సాయంత్రం షెడ్డులో ఇసకేస్తే రాలనంత జనం. బయట వాన. ముందు బల్ల మీద కురియచ్చన్, ట్రీసా, ఆశాన్. ఎదురుగా సిబి, లాలిచ్చన్ చేతులు కట్టుకుని నిలబడ్డారు. సిబి మనసులో లెక్క వేసుకుంటున్నాడు. కురియచ్చన్ ఓటు లాలిచ్చన్‌కి, అది సూర్యుడు తూర్పున ఉదయించినంత ఖాయం. ఆశాన్ ఎటో తెలీదు. ట్రీసా వేస్తే ఆశ ఉంది. ముక్కు జారినా వేస్తుందా?

"మొదలుపెడదాం" అన్నాడు కురియచ్చన్.

ట్రీసా లేచి నిలబడింది.

"నియమం ప్రకారం ఒక సంగతి చెప్పాలి. పోటీలో ఉన్న ఒకరికి నేను... కాబోయే చుట్టాన్ని. నాకు ఓటు లేదు. బయటికి వెళ్తున్నాను."

షెడ్డంతా గుసగుసలు. అందరి తలలూ లాలిచ్చన్ వైపు తిరిగాయి. లాలిచ్చన్ తల్లి మొహం చాటంత అయింది. సిబి మాత్రం నేల చూస్తూ ఉండిపోయాడు. సీటు పోయింది, పిల్లా పోయింది. తను పెట్టించిన రూలే తన నెత్తిన పడింది. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే అంటే ఇదే కాబోలు.

ఆమె గుమ్మం దాకా వెళ్ళింది.

"ఆగు మోళే" అన్నాడు ఆశాన్. "ఎవరికని కూడా చెప్పాలి. రూల్లో ఉంది."

ట్రీసా గుమ్మంలో ఆగి, వెనక్కి తిరక్కుండా చెప్పింది.

"సిబికి."

పడమటి గట్టు వాళ్ళలోంచి ఎవరో "ఎప్పుడు ఖాయమైందీ?" అన్నారు.

"నా వైపు నుంచి ఖాయం" అంది. "ఆయన వైపు సంగతి ఆయన్నే అడగండి." అని గబగబా వానలోకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు తలలన్నీ సిబి వైపు తిరిగాయి. సిబి నోరు తెరిచాడు. రేకులదిరేలా అరిచే ఆ గొంతులోంచి కోడిపిల్ల కూతంత వచ్చింది.

"ఖాయమే."

"వినపడలేదురా!" అన్నారు వెనకనుంచి.

"ఖాయమే అంటున్నా కదా!" ఈసారి రేకులు కొంచెం అదిరాయి. షెడ్డు పగలబడి నవ్వింది. లాలిచ్చన్ కూడా నవ్వాడు. పైగా ఊపిరి తేలిగ్గా వదిలాడు. ఫోటో పట్టుకెళ్ళింది తల్లే గానీ వాడికసలు ఆ ఊసే లేదని తర్వాత తెలిసింది.

నవ్వనివాడు ఒక్కడే. కురియచ్చన్ బల్లకి అతుక్కుపోయినట్టు కూచున్నాడు. మొహం కందగడ్డలా ఉంది.

"ఆ రూలు మళ్ళీ చదవండి" అన్నాడు.

చదవాల్సిన సెక్రటరీ బయటుంది. ఆశాన్ దగ్గర కళ్ళద్దాలు లేవు. సిబికి మాత్రం అది కంఠతా వచ్చు.

"అభ్యర్థికి చుట్టాలైనవారు, కాబోయేవారు, ఎవరికి చుట్టమో అందరి ఎదుటా చెప్పి బయటికి వెళ్ళవలెను" అన్నాడు మెల్లగా.

"వెళ్ళకపోతే?"

"వెళ్ళకపోతే చుట్టం కాదన్నట్టే అచ్చాయా" అన్నాడు ఆశాన్ తాంబూలం ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చి. "కూచుంటే నీ ఓటు నీ చేతిలో ఉంటుంది. లాలిచ్చన్‌కి వేసుకోవచ్చు. లేస్తే ఓటు పోతుంది. అల్లుడొస్తాడు. నీ ఇష్టం."

పెద్ద తెడ్డు ఎవరికి పోతుందన్న సంగతే సిబి మర్చిపోయాడు. కురియచ్చన్ మోకాళ్ళ వైపే చూస్తున్నాడు, అవి కదులుతాయా లేదా అని.

కురియచ్చన్ లాలిచ్చన్‌ని చూశాడు. సిబిని చూశాడు. గుమ్మం బయట చూరు కింద వీపు తిప్పి నిలబడ్డ పసుప్పచ్చ చీరని చాలాసేపు చూశాడు. తర్వాత బల్ల మీద చేతులానించి, మూలుగుతూ లేచాడు.

"బయట నా బాతులు తడుస్తున్నాయి" అన్నాడు.

"బాతులు తడవడమేంటి అచ్చాయా!" అని అరిచింది త్రేస్యా చేచ్చి.

"నోర్ముయ్యండి. నేనూ ఈ వెధవకి కాబోయే చుట్టాన్నే. ఇంకేమన్నా చెప్పాలా రూలు ప్రకారం?" అని తుండు భుజాన వేసుకుని గుమ్మం దాటాడు. దాటాక అటు తిరిగి చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. వాన నీళ్ళే అని ఇప్పటికీ అంటాడు.

బల్ల దగ్గర ఆశాన్ ఒక్కడే మిగిలాడు. కండువా దులుపుకుని లేచాడు.

"నాకు వీళ్ళిద్దరూ చుట్టాలు కారు. ఇద్దరూ నా దగ్గరే తెడ్డు పట్టారు, ఇద్దరి వీపులూ నేనే వాయించాను. కాబట్టి ఉన్నమాట చెప్తాను. మలుపు దాకా సిబి బాగా తెచ్చాడు. మలుపులో వాడి కన్ను పడవ మీద లేదు. ఎక్కడుందో మీ అందరికీ ఇందాకే తెలిసింది. ఈ ఏడు పెద్ద తెడ్డు లాలిచ్చన్‌ది. సిబిది దాని పక్క తెడ్డు. వచ్చే ఏడు మళ్ళీ పరీక్ష ఉంది. అప్పటికి పెళ్ళయి ఉంటుంది కాబట్టి చూపు తిన్నగా ఉంటుంది."

షెడ్డు మళ్ళీ నవ్వింది. లాలిచ్చన్ సిబి భుజం మీద చెయ్యి వేశాడు. తాత తెడ్డు సిబి చేతిలోంచే జారిపోయింది. బాధ వేసింది, వెయ్యలేదంటే అబద్ధం. జనాన్ని తోసుకుంటూ చూరు కిందికి వచ్చాడు.

ట్రీసా కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "విన్నాను. నా ఓటు ఉండుంటే..."

"ఉండుంటే ఎవరికి వేసేదానివి?"

"లాలిచ్చన్‌కి" అంది తడుముకోకుండా. "ముక్కు జారిందిగా."

సిబి ఆమెని అలాగే చూశాడు. నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు, కడుపులోంచి తన్నుకొచ్చింది. ఆమె కూడా ఏడుస్తూనే నవ్వింది. బుగ్గ మీద సొట్ట పడింది. ఈసారి వాడు రేకుల చిల్లులు చూడలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. కొంచెం దూరంలో కురియచ్చన్ లేని బాతుల్ని శ్రద్ధగా లెక్కపెడుతున్నాడు.

అప్పుడు ఔసేప్ చూరు కిందికి వచ్చాడు. సిబి చెయ్యి వదిలేసి తల దించుకున్నాడు.

"అప్పచ్చా, తెడ్డు పోయింది."

"చూశాను" అన్నాడు ఔసేప్. కోడలు కాబోయే పిల్లని ఒకసారి, కొడుకుని ఒకసారి చూసి, మంచి చేత్తో వాడి తడి జుట్టు చెరిపేశాడు. "నేనూ అదే మలుపులో, మీ అమ్మ గట్టు మీద నిలబడి ఉంటే చూస్తూ, పడవని తిన్నగా చర్చి మెట్లెక్కించాను. అప్పట్లో రూల్స్ లేవు, బతికిపోయాను."